ఎడిన్‌బరో విమానాశ్రయానికి ట్రామా, బస్సా?

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలో పాత ట్రామ్‌లు 1956 నవంబరులో ఆగిపోయాయి. ఆ తరువాత యాభై ఏడేళ్లకు పైగా ఆ నగరం బస్సుల మీదే నడిచింది. 2014 మే 31న ట్రామ్ మళ్లీ వచ్చింది. విమానాశ్రయం ముంగిట మొదలై, పడమటి శివార్ల మీదుగా సాగి, హేమార్కెట్ రైల్వే స్టేషనును తాకి, నగరం నడిబొడ్డున ఉన్న ప్రిన్సెస్ స్ట్రీట్ వెంట యార్క్ ప్లేస్ దాకా వెళ్లే 14 కిలోమీటర్ల లైను అది. దాని మీద 77.6 కోట్ల పౌండ్లు ఖర్చయ్యాయి. అయితే అది వచ్చేనాటికే అదే విమానాశ్రయం నుంచి అదే ప్రిన్సెస్ స్ట్రీటుకు ఎయిర్‌లింక్ 100 అనే రెండంతస్తుల బస్సు పగలంతా పది నిమిషాలకొకటి చొప్పున నడుస్తోంది. అర్ధరాత్రి దాటాక కూడా విమానాశ్రయానికి బస్సు ఉండేది. ట్రామ్ వచ్చాక ఆ బస్సును ఆపేయలేదు. ఒకే ప్రయాణానికి రెండు సాధనాలు ఏళ్ల తరబడి పక్కపక్కనే నడుస్తున్నాయి కనుక, ఏది మేలో ఊహలతో కాక అనుభవంతో తేల్చుకోవడానికి ఎడిన్‌బరో అనువైన ఉదాహరణ.

గడియారం, టికెట్టు ధర ఈ రెండే కొలమానాలైతే తీర్పు బస్సు వైపే మొగ్గుతుంది. ట్రామ్ మొదలైన రోజుల్లో విమానాశ్రయం నుంచి నగర మధ్యానికి బస్సు టికెట్టు 4 పౌండ్లు, ట్రామ్ టికెట్టు 5 పౌండ్లు. బస్సు దాదాపు అరగంటలో, దారి ఖాళీగా ఉంటే ఇంకా ముందే చేరేది. ట్రామ్‌కు యార్క్ ప్లేస్ చేరేసరికి ముప్పయి అయిదు నిమిషాల దాకా పట్టేది. వందల కోట్ల రూపాయల కాదు, వేల కోట్ల రూపాయల విలువైన పట్టాలు వేసి, వీధులన్నీ తవ్వి, చివరికి బస్సు కన్నా కాస్త నెమ్మదిగా, కాస్త ఖరీదుగా ప్రయాణికులను దింపే ఏర్పాటు చేశారన్న విమర్శ ఆనాడే వచ్చింది. అంకెల వరకు ఆ విమర్శలో తప్పేమీ లేదు. కాని విమాన ప్రయాణికుడికి నిజంగా కావలసినది ఏమిటన్న ప్రశ్న ఆ అంకెల్లో లేదు.

ముందు ట్రామ్ ఎందుకు నెమ్మదో చూడాలి. ట్రామ్ అనగానే తెలుగు పాఠకులకు కలకత్తా వీధులో, 1953లో ట్రామ్‌లు ఆగిపోయిన పాత మద్రాసో గుర్తుకు రావచ్చు. ఎడిన్‌బరోలోవి అలాంటివి కావు. ఒక్కొక్కటి దాదాపు 43 మీటర్ల పొడవున, ఏడు భాగాలుగా అతికించి ఉంటుంది. కూర్చున్నవారూ నిలబడ్డవారూ కలిపి 250 మంది పడతారు. గంటకు 70 కిలోమీటర్ల వేగం దాకా వెళ్లగలదు. అంత శక్తి ఉన్న బండి 14 కిలోమీటర్లకు ముప్పయి అయిదు నిమిషాలు తీసుకుందంటే సగటు వేగం గంటకు 24 కిలోమీటర్లే. దానికి కారణం మొదట్లోనే 15 స్టాపులు ఉండడం, దారి తిన్నగా లేకపోవడం. బస్సు కార్‌స్టార్ఫిన్ మీదుగా పాత రహదారి పట్టుకుని నేరుగా నగరంలోకి వస్తుంది. ట్రామ్ మాత్రం ఇంగ్లిస్టన్ దగ్గరి కార్ల పార్కింగు, గోగర్‌బర్న్‌లో ఒక పెద్ద బ్యాంకు ప్రధాన కార్యాలయం, గైల్ షాపింగ్ కేంద్రం, ఎడిన్‌బరో పార్క్ ఆఫీసుల సముదాయం, బ్యాంక్‌హెడ్, సాటన్, మరేఫీల్డ్ రగ్బీ మైదానం వీటన్నిటినీ పలకరిస్తూ వస్తుంది. విమానం దిగి హోటలుకు వెళ్లే మనిషికి ఈ స్టాపుల్లో ఒక్కటీ అక్కర్లేదు. ఆ స్టాపుల దగ్గర పనిచేసేవారికి, నివసించేవారికి మాత్రం ఆ లైనే ఆధారం. అంటే ఇది విమానాశ్రయం కోసం వేసిన లైను కాదు. ఒక కొస విమానాశ్రయంలో ఉన్న నగర లైను.

పట్టాల మీద నడిచేది ఏదైనా ఇంతే నెమ్మదిగా ఉంటుందని అనుకోనక్కర్లేదు. ఫ్రాన్సులోని లియాన్ నగరంలో 2010లో మొదలైన రోన్‌ఎక్స్‌ప్రెస్ కూడా ట్రామే. విమానాశ్రయం నుంచి పార్‌దియూ రైల్వే స్టేషను దాకా ఉన్న 23 కిలోమీటర్ల దూరాన్ని అరగంట లోపే ముగిస్తుంది, ఎందుకంటే మధ్యలో ఒకటి రెండు చోట్ల తప్ప ఆగదు. దారిలో చాలా భాగం నగర ట్రామ్ లైనుతో పంచుకుంటూనే, స్టాపుల దగ్గర దాన్ని దాటుకుపోయేలా అదనపు పట్టాలు వేశారు. ఆ వేగానికి తగ్గట్టే టికెట్టు కూడా మామూలు ట్రామ్ టికెట్టుకు ఎన్నో రెట్లు. మాంచెస్టర్‌లో ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన పరిస్థితి కనిపిస్తుంది. అక్కడ 2014 నవంబరులో విమానాశ్రయానికి వచ్చిన ట్రామ్ లైను వైథెన్‌షా వంటి పెద్ద నివాస ప్రాంతాల్లో మెలికలు తిరుగుతూ వెళ్తుంది. నగర మధ్యానికి ముప్పావు గంటకు పైనే పడుతుంది. అదే విమానాశ్రయం నుంచి రైలు ఎక్కితే అందులో సగం సమయం కూడా పట్టదు. అయినా ఆ ట్రామ్ విఫలమైందని అక్కడ ఎవరూ అనరు, ఎందుకంటే అది విమానాశ్రయంలో ఉద్యోగాలు చేసే చుట్టుపక్కల బస్తీల వారి కోసం నడుస్తోందని అందరికీ తెలుసు. వేగం పట్టాల్లో లేదు, స్టాపుల సంఖ్యలో ఉంది. స్టాపులు తగ్గిస్తే లైను పక్కన ఉండేవారికి దక్కేది తగ్గుతుంది. ఈ రెంటిలో ఏది కావాలన్నది ఇంజనీర్లు తేల్చే విషయం కాదు, నగరపాలకులు తేల్చుకోవలసిన విషయం.

ఇక అసలు ప్రశ్న. రోజూ ఆఫీసుకు వెళ్లే మనిషి పది నిమిషాలు ఆలస్యమైతే ఎవరో ఒకరితో మాట పడతాడు, అంతటితో సరి. విమానం ఎక్కవలసిన మనిషి పది నిమిషాలు ఆలస్యమైతే టికెట్టు డబ్బు, హోటలు డబ్బు, ఒక్కోసారి ప్రయాణం మొత్తం పోతాయి. అందుకే అతను సగటు సమయాన్ని నమ్ముకుని ఇంట్లోంచి బయలుదేరడు. ఎంత అధ్వానమైన రోజైనా చేరగలిగే సమయాన్ని లెక్కలోకి తీసుకుని బయలుదేరతాడు. లెక్క కోసం ఇలా అనుకుందాం: ఒక బస్సు మామూలుగా అరగంటలో చేరుతుంది కాని, నెలలో నాలుగైదు రోజులు యాభై నిమిషాలు తీసుకుంటుంది. ఒక ట్రామ్ ఎప్పుడూ ముప్పయి అయిదు, మహా అయితే నలభై నిమిషాలు తీసుకుంటుంది. సగటున బస్సే వేగం. కాని బస్సును నమ్ముకున్న ప్రయాణికుడు ప్రతిసారీ యాభై నిమిషాలు కేటాయించుకోవాలి, ట్రామ్‌ను నమ్ముకున్నవాడికి నలభై చాలు. కాబట్టి కాగితం మీద ఓడిన ట్రామ్ ఆచరణలో పది నిమిషాలు మిగులుస్తుంది. రెంటి మధ్య కాలపట్టికలను మాత్రమే పోల్చే వ్యాసాలు, ప్రకటనలు సాధారణంగా ఈ సంగతిని వదిలేస్తాయి.

ఎడిన్‌బరోలో ఈ తేడా ఊహ కాదు. బస్సు వెళ్లే కార్‌స్టార్ఫిన్ రోడ్డు, అందులోనూ సెయింట్ జాన్స్ రోడ్డు అనే భాగం, నగరంలో అతి రద్దీ అయిన దారుల్లో ఒకటి. బస్సులకు ప్రత్యేక వరుసలు ఉన్నాయి కాని అవి అన్ని చోట్లా లేవు, అన్ని గంటల్లో అమలులోనూ ఉండవు. ట్రామ్ హేమార్కెట్ దాటి పడమటికి వెళ్లాక దాదాపు మొత్తం దూరం తన సొంత దారిలోనే, కొంత మేర ప్రధాన రైలు మార్గానికి ఆనుకునే వెళ్తుంది. అక్కడ కార్లు అడ్డురావు. సాయంత్రం అయిదున్నరకు నగరం నుంచి బయలుదేరే ప్రయాణికుడికీ, ఆదివారం ఉదయం బయలుదేరే ప్రయాణికుడికీ ట్రామ్ పట్టే సమయంలో పెద్ద తేడా ఉండకపోవడానికి కారణం అదే.

అయితే ఈ గెలుపు పట్టాలదా, సొంత దారిదా? ఎడిన్‌బరోలోనే దీనికి ఒక ఆసక్తికరమైన ఆధారం ఉంది, కాని దాన్ని చాలామంది మరిచిపోయారు. ఇప్పుడు ట్రామ్ నడుస్తున్న దారిలోనే, సాటన్‌కూ సౌత్ గైల్‌కూ మధ్య, 2004లో ఫాస్ట్‌లింక్ అనే పేరుతో బస్సుల కోసమే ఒక దారి వేశారు. రెండు వైపులా కాంక్రీటు గట్టు, వాటి మధ్య ఒక బస్సు పట్టేంత వెడల్పు; బస్సు ముందు చక్రాల పక్కన బిగించిన చిన్న చక్రాలు గట్టును ఒరుసుకుంటూ బండిని దారిలో ఉంచేవి. మామూలు నగర బస్సులే కార్ల రద్దీని తప్పించుకుని అందులో దూసుకుపోయేవి. 2009లో దాన్ని మూసేసి, అదే చోట ట్రామ్ పట్టాలు వేశారు. ఆ కొద్ది దూరంలో బస్సుకు దక్కిన సౌకర్యాన్ని విమానాశ్రయం దాకా పొడిగించి ఉంటే, ట్రామ్‌కు ఉన్న కచ్చితత్వంలో అధిక భాగం చాలా తక్కువ ఖర్చుతో బస్సుకూ దక్కేదని వాదించడానికి ఆస్కారం ఉంది. ఆ వాదన సబబైనదే. కాని పద్నాలుగు కిలోమీటర్ల ప్రత్యేక దారిని కేవలం బస్సుల కోసం కేటాయించేందుకు ఏ నగరపాలక సంస్థా సులువుగా ఒప్పుకోదు. బస్సు అయితే ‘కాస్త సర్దుకుని’ మామూలు రోడ్డు మీదే పోతుందిలే అనుకుంటారు. రైలు పట్టాలకు ఆ సర్దుబాటు కుదరదు కాబట్టి వాటికి దారి ఇవ్వక తప్పదు. ట్రామ్‌కు ఉన్న బలాల్లో ఈ మొండితనం ఒకటి.

మొండితనానికి మరో వైపు కూడా ఉంది. రోడ్డు మీద ప్రమాదం జరిగితే బస్సు పక్క వీధిలోంచి తిరిగి వెళ్తుంది. పట్టాల మీద ఒక బండి ఆగిపోతే, లేదా కూడలిలో ఒక లారీ అడ్డంగా నిలిచిపోతే, దాని వెనక ఉన్న ట్రామ్‌లన్నీ ఆగుతాయి. మామూలు రోజుల్లో ట్రామ్ కచ్చితంగా ఉంటుంది. చెడిన రోజున పూర్తిగా చెడుతుంది. అలాంటి రోజులు అరుదే అయినా విమానం పట్టుకోవలసినవాడికి ఆ అరుదైన రోజు తనదే కావచ్చు. పక్కనే బస్సు కూడా ఉన్న నగరంలో ఈ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. ట్రామ్ వచ్చినా ఎయిర్‌లింక్‌ను కొనసాగించడంలో ఎడిన్‌బరోకు దక్కిన అసలు లాభం ఇదేనని చెప్పవచ్చు.

అందరూ అలా చేయలేదు. ఫ్రాన్సులోనే నీస్ నగరం తన రెండో ట్రామ్ లైనును విమానాశ్రయం దాకా తెచ్చి, 2019 చివరికి నగర మధ్యం మీదుగా ఓడరేవు వరకు పూర్తి చేసింది. ఆ క్రమంలో అంతకుముందు విమానాశ్రయానికి నడిచిన 98, 99 నంబర్ల ప్రత్యేక బస్సులను ఎత్తివేసింది. ఆ బస్సుల్లో టికెట్టు 6 యూరోలు. ట్రామ్ మొదలైనప్పుడు మామూలు నగర టికెట్టు, అంటే 1.50 యూరోలు సరిపోయింది. బస్సు పోయిందని ఎవరైనా బాధపడి ఉంటే ఆ ధర చూసి ఊరుకుని ఉంటారు. లియాన్‌లోనూ రోన్‌ఎక్స్‌ప్రెస్ రాగానే అంతకుముందున్న విమానాశ్రయ బస్సులు ఆగిపోయాయి, కాని అక్కడ ధర తగ్గలేదు; వేరే దారి లేని ప్రయాణికుడు అడిగినంత ఇచ్చి ఎక్కవలసి వచ్చింది. ట్రామ్ మేలా బస్సు మేలా అన్న చర్చలో ప్రయాణికుడు గమనించవలసినది ట్రామ్ గుణగణాలను మాత్రమే కాదు, అది వచ్చాక బస్సును ఏం చేశారన్నదాన్ని కూడా.

ధరల విషయంలో ఎడిన్‌బరో పద్ధతి కొంత విచిత్రంగా ఉంటుంది. నగరమంతా ఒకే ధర. 2014లో అది బస్సులోనైనా ట్రామ్‌లోనైనా 1.50 పౌండ్లు. చిట్టచివరి స్టాపైన విమానాశ్రయం మాత్రం వేరే మండలం. దానికి ముందరి స్టాపు ఇంగ్లిస్టన్‌లో దిగితే 1.50, ఇంకొక్క స్టాపు వెళ్తే 5 పౌండ్లు. ఆ తరువాత ధరలు పలుమార్లు పెరిగాయి కాని ఈ అంతరం అలాగే ఉంది. దాంతో తెలిసినవారు, సామాను తక్కువగా ఉన్నవారు ఇంగ్లిస్టన్‌లోనే దిగి, ఇరవై నిమిషాలకు అటూ ఇటుగా నడిచి టెర్మినల్ చేరడం మొదలుపెట్టారు. ఇది పిసినారితనం కాదు; కుటుంబంలో నలుగురుంటే మిగిలేది చిన్న మొత్తమేమీ కాదు. అదే సమయంలో 35 నంబరు మామూలు బస్సు కూడా విమానాశ్రయానికి వెళ్లేది. నగరమంతా చుట్టి గంటకు పైగా తీసుకున్నా, మామూలు టికెట్టుతోనే చేర్చేది. తొందర లేనివారికి, విమానాశ్రయంలో పనిచేసేవారికి దాన్ని మించినది లేదు.

ఒక్క స్టాపుకు అంత అదనపు ధర ఎందుకంటే, లైను ఖర్చులో విమాన ప్రయాణికుడి చేత పెద్ద వాటా కట్టించడానికి. ఎడిన్‌బరో విమానాశ్రయం నుంచి 2019లో దాదాపు 1.47 కోట్ల మంది ప్రయాణించారు. వారిలో చాలామంది నగరానికి కొత్తవారు. ఏ టికెట్టు ఎంతో తెలియనివారు, తెలిసినా ఒక పౌండు తేడాను పట్టించుకోనివారు. వారి దగ్గర వసూలైన డబ్బు బ్యాంక్‌హెడ్‌లోనో బాల్‌గ్రీన్‌లోనో ఎక్కే స్థానికుడి టికెట్టు బస్సు ధరకే అందేలా తోడ్పడుతుంది. నగరపాలక సంస్థ కోణంలో ఇది తెలివైన లెక్క. విమాన ప్రయాణికుడి కోణంలో మాత్రం, తనకు అక్కర్లేని స్టాపులన్నిటి దగ్గరా ఆగుతూ, ఆ స్టాపుల ఖర్చును తానే భరిస్తూ వెళ్తున్నట్టు లెక్క.

ఈ పోటీలో ఇంకో వింత ఉంది. ట్రామ్, ఎయిర్‌లింక్‌ను నడిపే లోథియన్ బస్సులు రెండూ నగరపాలక సంస్థ చేతిలోవే. లోథియన్ బస్సుల కంపెనీలో పదింట తొమ్మిది వంతుల వాటా ఎడిన్‌బరోది, మిగిలినది పొరుగు మండలాలది. 2013లో రెంటినీ ఒకే గొడుగు కిందికి తెచ్చారు. ఎయిర్‌లింక్‌లో ఎక్కిన ప్రయాణికుడు ట్రామ్‌కు దక్కనట్టే, ట్రామ్ ఎక్కినవాడు బస్సుకు దక్కనట్టే. కాని ఎటు ఎక్కినా డబ్బు చేరేది ఒకే ఇంటికి. అంతేకాదు, యార్క్ ప్లేస్ నుంచి ఓడరేవు ప్రాంతమైన లీత్ మీదుగా న్యూహేవెన్ దాకా లైనును పొడిగించే ప్రణాళికలో లోథియన్ బస్సుల నుంచి 2 కోట్ల పౌండ్ల ప్రత్యేక డివిడెండ్ తీసుకోవాలని కూడా రాసుకున్నారు. అంటే ట్రామ్‌ను పెంచేందుకు బస్సు సంపాదన మీద కన్నేశారన్నమాట. బస్సు బాగా నడిచే నగరంలోనే ట్రామ్‌కు ఆసరా దొరుకుతుందన్న సంగతిని ట్రామ్ అభిమానులు తరచుగా చెప్పరు.

సౌకర్యం విషయానికి వస్తే లెక్క మళ్లీ మారుతుంది. ట్రామ్ ప్లాట్‌ఫారం, బండి అంతస్తు ఒకే ఎత్తులో ఉంటాయి. చక్రాల పెట్టెను ఎత్తకుండా లోపలికి లాగవచ్చు. తోపుడు బండిలో పసిపిల్లలున్నవారికి, చక్రాల కుర్చీలో వచ్చేవారికి ఇది చిన్న విషయం కాదు. బస్సులో సామాను అరలు కింది అంతస్తులో కొన్నే ఉంటాయి. విమానం నిండుగా దిగిన సమయంలో అవి నిండితే పెట్టెలను కాళ్ల మధ్య పెట్టుకోక తప్పదు. సెప్టెంబరులో చదువుల కోసం భారతదేశం నుంచి వచ్చే విద్యార్థులు, వారిలో తెలుగువారు కూడా, తలా రెండు పెద్ద పెట్టెలతో దిగుతారు. వారికి ట్రామ్ మేలు, కాని దిగే చోటు లైను పక్కనే ఉంటే. హెరియట్-వాట్ విశ్వవిద్యాలయంలో చేరేవారికి నగరం మధ్యకు వెళ్లి వెనక్కి రావడం దండగ, ఎందుకంటే దాని ప్రాంగణం నగరానికి పడమట, రికార్టన్‌లో ఉంది. విమానాశ్రయం నుంచి టెర్మినల్ తలుపు దాటగానే బస్సు నిలిచి ఉంటుంది, ట్రామ్ స్టాపు మరికొన్ని అడుగుల దూరంలో ఉంటుంది. ఈ తేడా పెద్దది కాదు. నగరం వైపు తేడా పెద్దది. ట్రామ్ మొదలైన నాటికి ఎయిర్‌లింక్ వేవర్లీ వంతెన మీద, ప్రధాన రైల్వే స్టేషనైన వేవర్లీ పక్కనే ఆగేది. ట్రామ్‌కు వేవర్లీ పేరుతో స్టాపే లేదు. సెయింట్ ఆండ్రూ స్క్వేర్‌లో దిగి సామాను లాక్కుంటూ స్టేషనుకు దిగి రావాలి. లండను రైలు పట్టుకునేవారికి అందుకే బస్సే నచ్చింది. గ్లాస్గో వైపో, ఉత్తరం వైపో రైల్లో వెళ్లేవారికి మాత్రం హేమార్కెట్‌లో ట్రామ్ దిగి రైలెక్కడం హాయి. 2016 డిసెంబరులో ఎడిన్‌బరో గేట్‌వే స్టేషను తెరిచాక ఉత్తరాన ఉన్న ఫైఫ్ ప్రాంతం వైపు వెళ్లేవారు నగరంలోకి రానక్కర్లేకుండానే రైలు మారుతున్నారు. ఈ పనిని ఎయిర్‌లింక్ ఏనాడూ చేయలేదు.

రాత్రి సమయంలో మాత్రం పోలికే లేదు. మొదటి ట్రామ్ నగరం నుంచి తెల్లవారుజామున అయిదు దాటాక గాని కదలదు. యూరప్ నగరాలకు వెళ్లే చౌక విమానాలు ఉదయం ఆరు గంటలకే ఎగురుతాయి. వాటికి నాలుగు, నాలుగున్నరకల్లా విమానాశ్రయంలో ఉండాలి. తనిఖీ సిబ్బంది, సామాను మోసేవారు, శుభ్రం చేసేవారు ఇంకా ముందే ఉండాలి. ఆ వేళలో బస్సో, టాక్సీయో, సొంత కారో తప్ప గతి లేదు. పట్టాలను, విద్యుత్ తీగలను మరమ్మతు చేయడానికి రాత్రి కొన్ని గంటలు లైను ఖాళీగా ఉండాలి కాబట్టి ట్రామ్‌ను రాత్రంతా నడపడం కష్టం. దాంతో విమానాశ్రయంలో తక్కువ జీతాలకు, వేళ కాని వేళల్లో పనిచేసేవారికి ట్రామ్ ఒక పూట మాత్రమే అందే సౌకర్యం. విమానాశ్రయ ప్రయాణమంటే సూటూ బూటూ వేసుకుని పెట్టె లాక్కుంటూ వెళ్లే మనిషి బొమ్మే ప్రచార పత్రాల్లో ఉంటుంది కాని, ఏ విమానాశ్రయానికైనా ఏడాది పొడవునా, రోజుకు రెండుసార్లు ప్రయాణించేది అక్కడి ఉద్యోగులే.

ఈ లైను కథలో డబ్బు గురించి చెప్పకపోతే చర్చ పూర్తి కాదు. 2007లో అధికారానికి వచ్చిన స్కాటిష్ నేషనల్ పార్టీ ప్రభుత్వం విమానాశ్రయానికి నేరుగా రైలు మార్గం వేసే పథకాన్ని రద్దు చేసింది. ట్రామ్‌ను కూడా రద్దు చేయాలనుకుంది కాని పార్లమెంటులో ప్రతిపక్షాలు కలిసి దాన్ని కాపాడాయి. అప్పటి అంచనా 54.5 కోట్ల పౌండ్లు, అది కూడా విమానాశ్రయం నుంచి న్యూహేవెన్ దాకా మొత్తం లైనుకు. నేల కింది నీటి గొట్టాలను, తీగలను జరపడంలో ఆలస్యం, గుత్తేదారు సంస్థలతో తగాదాలు, పనుల నిలుపుదల వీటన్నిటితో గడువు మూడేళ్లు దాటింది, ఖర్చు పెరిగింది, లైను కుదించుకుపోయింది. 2011 ఆగస్టులో నగర మండలి లైనును హేమార్కెట్‌తోనే ఆపేద్దామని తీర్మానించి, వారం దాటగానే, నిధులు ఆపేస్తామన్న ప్రభుత్వ హెచ్చరికతో ఆ తీర్మానాన్ని మార్చుకుంది. హేమార్కెట్‌తో ఆగి ఉంటే విమానాశ్రయం నుంచి వచ్చేవారు ప్రిన్సెస్ స్ట్రీటుకు అక్కడ బస్సు మారవలసి వచ్చేది. ఆ ట్రామ్‌ను ఎయిర్‌లింక్ ఇట్టే ఓడించేది. ఈ వ్యవహారంపై లార్డ్ హార్డీ నాయకత్వంలో 2014లో ప్రకటించిన విచారణ 2023 సెప్టెంబరులో నివేదిక ఇచ్చింది. లైను వేయడానికి పట్టిన కాలం కన్నా దాని మీద విచారణకు ఎక్కువ కాలం పట్టింది, విచారణకే 1.3 కోట్ల పౌండ్లు అయ్యాయి.

విమానాశ్రయ ప్రయాణం ఒక్కదాని కోసమే ఇంత ఖర్చు చేశారంటే దాన్ని సమర్థించడం సాధ్యం కాదు. ఉన్న బస్సుకు మరికొంత సొంత దారి, మరికొన్ని సామాను అరలు కల్పిస్తే ఆ పని అందులో చిన్న భాగంతో అయ్యేది. కాని మొదటి ఏడాది ట్రామ్ ఎక్కిన 49 లక్షల మందిలో విమాన ప్రయాణికులు కానివారు ఎందరో ఉన్నారు. 2023 జూన్ 7న లైను న్యూహేవెన్ దాకా పూర్తయ్యాక ఈ సంగతి ఇంకా స్పష్టమైంది. లీత్ వాక్ ఎడిన్‌బరోలో అతి జనసాంద్రత ఉన్న దారుల్లో ఒకటి, 20.7 కోట్ల పౌండ్లతో వేసిన ఆ పొడిగింపులో బండ్లు కిక్కిరిసి నడుస్తున్నాయి. న్యూహేవెన్ నుంచి విమానాశ్రయానికి దాదాపు గంట. టాక్సీలో అంతకన్నా త్వరగా వెళ్లవచ్చు. అయినా బండి మారకుండా, ఒకే టికెట్టుతో వెళ్లగలగడం లీత్ వాసులకు కొత్త వెసులుబాటు. ఆ వైపు ట్రామ్ పోటీ ఎయిర్‌లింక్‌తో కాదు, కారుతో. విమానాశ్రయం కార్ల పార్కింగు ద్వారా బాగా సంపాదిస్తుంది, టెర్మినల్ ముందు మనిషిని దింపి వెళ్లడానికి కూడా రుసుము వసూలు చేస్తుంది. ఆ రుసుము చూసి కారు వదిలేసినవాడు బస్సుకన్నా ట్రామ్ వైపే ఎక్కువగా మొగ్గుతాడన్నది రవాణా నిపుణులు చాలా నగరాల్లో గమనించిన విషయం. పట్టాలు కంటికి కనిపిస్తాయి, దారి తప్పవన్న భరోసా ఇస్తాయి. కొత్త ఊరిలో దిగినవాడికి ఆ భరోసా విలువ ఇంకా ఎక్కువ.

హైదరాబాదుకు కూడా ఈ లెక్కలు వర్తిస్తాయి. 2008లో విమానాలు బేగంపేట నుంచి శంషాబాదుకు తరలినప్పటి నుంచి ఆర్టీసీ విమానాశ్రయ బస్సులే అక్కడికి ప్రజారవాణా. రాయదుర్గం నుంచి శంషాబాదుకు నేరుగా వెళ్లే మెట్రోకు 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. ఏడాది తిరిగేసరికి వచ్చిన కొత్త ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టి, నాగోలు నుంచి ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా వెళ్లే దారిని ఎంచుకుంది. మొదటిది తక్కువ స్టాపులతో త్వరగా చేర్చే దారి, లియాన్ తరహాది. రెండోది పాతబస్తీ అంచులను, తూర్పు శివార్లను కలుపుతూ పోయే దారి, ఎడిన్‌బరో తరహాది. రెండో దారిలో ఎక్కువమందికి మేలు. గచ్చిబౌలి నుంచి విమానం పట్టుకునే ఉద్యోగికి మాత్రం అవుటర్ రింగ్ రోడ్డు మీది బస్సే అప్పటికీ త్వరగా చేరుస్తుంది. హైదరాబాదు నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లే విమానాలు చాలావరకు రాత్రి వేళల్లోనే ఉంటాయి కనుక, మెట్రో వచ్చిందన్న కారణంతో రాత్రి బస్సులను తగ్గిస్తే కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి వచ్చే వలస కార్మికులకే ముందుగా దెబ్బ.

ఎడిన్‌బరో ఇప్పుడు రెండో లైను గురించి ఆలోచిస్తోంది. ఉత్తరాన గ్రాంటన్ నుంచి నగర మధ్యం మీదుగా దక్షిణాన రాయల్ ఇన్‌ఫర్మరీ ఆసుపత్రి వైపు వెళ్లే దారిపై 2025లో ప్రజాభిప్రాయ సేకరణ మొదలుపెట్టింది. ఆ లైను విమానాశ్రయానికి వెళ్లదు. గ్రాంటన్ నుంచి విమానం పట్టుకునేవారు నగరంలో మొదటి లైనులోకి మారాలి, లేదా ఉత్తరపు వీధుల మీదుగా నేరుగా విమానాశ్రయానికి వెళ్లే బస్సు ఉంటే అందులో వెళ్లాలి. కొత్త లైను ఖర్చులో వాటా పంచుకోవడానికి ఈసారి విమాన ప్రయాణికుడి ప్రత్యేక టికెట్టు ఉండదు. ఆసుపత్రికీ, పనికీ, బడికీ వెళ్లేవారి మామూలు టికెట్ల మీదే అది నిలబడాలి.